కుక్క ఫెన్స్ బీప్: వెనక యార్డ్‌లో తెగీ తెగని తీగ

కుక్క గీత దాటకుండా నేలలో పూడ్చిన ఫెన్స్ తీగ ఎక్కడ తెగిందో మొత్తానికి దొరికింది! తీగ తెగితే బీప్ కొట్టే ట్రాన్స్‌మిటర్ గరాజ్‌లో నోరు మూసింది. డ్రైవ్‌వే పక్కన గడ్డి అంచులు కోసే ఎడ్జర్ తెంపేసిన చోటు ఇట్టే అతికిపోయింది. బుర్ర తిన్నదంతా వెనక యార్డే.

స్ప్రింక్లర్లు తిరిగిన పొద్దున బీప్ ఉండదు, ఎండెక్కితే మొదలు. లూప్ 600 అడుగులు, 20 గేజ్ రాగి. గరాజ్ దాకా మెలిపెట్టిన జంట తీగ కూడా కలిపితే మీటర్‌లో నిరోధం 7.3 ఓమ్‌లు రావాలి. పొద్దున 9 వచ్చింది. మధ్యాహ్నం 4 కిలో ఓమ్‌లు, చూస్తుండగానే 11, మళ్లీ 5. సాయంత్రానికి పూర్తిగా ఓపెన్, అంటే కరెంటు అసలు దాటట్లేదు. డాలస్ ఉత్తరాన మా ఫ్రిస్కో నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. లోపల రాగి తెగింది, మట్టి ఉబ్బినప్పుడల్లా కొసలు తగులుతున్నాయి అనుకున్నా.

లూప్ మొదట్లో విప్పి, ఎర్త్ రాడ్‌కి కెపాసిటెన్స్ కొలిచా; తీగ ఎంత పొడవుంటే అది అంత ఎక్కువ వస్తుంది. ఒక కొస నుంచి 19 నానోఫారడ్లు, రెండో కొస నుంచి 6. ఆ లెక్కన రెండో కొసకి 144 అడుగుల్లో, షెడ్ దగ్గర ఉండాలి. తవ్వితే తీగ నిక్షేపంగా ఉంది. అటువైపు నేల ఎండి తీగ చుట్టూ ఖాళీ ఏర్పడితే కెపాసిటెన్స్ తగ్గుతుంది, లెక్కలో దూరమూ తగ్గుతుంది. కాబట్టి అసలు చోటు ఇంకా ముందుకే ఉండాలి.

తర్వాత ట్రాన్స్‌మిటర్‌కి ఆర్ఎఫ్ చోక్ (తెగిన చోటు వెతకడానికి వాడే చిన్న కాయిల్) తగిలించి, ఏఎమ్ రేడియో 600 కిలోహెర్ట్జ్‌లో పెట్టి తీగ వెంట నడిచా. మధ్యాహ్నం చుట్టూతా టిక్‌టిక్ వినిపించింది, అంటే సిగ్నల్ తెగిన చోటు దాటిపోతోంది. చీకటి పడ్డాక పక్కింటి ఎల్ఈడీ దీపాల బరబర. ఆ దీపాలు వెలగకముందు, తీగ ఓపెన్‌లో ఉన్న కాసేపట్లోనే పని జరిగింది. క్రేప్ మర్టిల్ చెట్టు దాకా గట్టిగా వినిపించి, అక్కడ చటుక్కున సన్నబడింది. టేపు పెడితే రెండో కొస నుంచి 170 అడుగులు.

తవ్వే ముందు ఫోన్ చేయాల్సిన 811 వాళ్లు వచ్చి భూమిలోని లైన్లకి గుర్తులు వేశాక చిన్న తాపీతో మూడంగుళాలు తవ్వా. పైతొడుగు సాగి దారంలా సన్నబడింది, పక్కనే గోటి గాటంత చీలిక. వంచితే లోంచి ఆకుపచ్చ పొడి రాలింది. రాగి కొసల మధ్య బియ్యపు గింజంత ఎడం. అడుగు పొడవు కొత్త ముక్క వేసి, రెండు వైపులా తడి చొరని 3ఎమ్ డీబీఆర్ జెల్ కనెక్టర్లు పెట్టా. ఈ మట్టిలో ఎలక్ట్రికల్ టేపుని నమ్మితే అంతే సంగతులు. ఇప్పుడు తడిసినా ఎండినా 7.4.

కిట్‌తో వచ్చే ఈ 20 గేజ్ తీగ బొమ్మలకి సరిపోతుంది గానీ రేగడికి ఆగదు. వానలకి నేల మెత్తబడ్డాక వెనక వైపంతా ఇంకా లావాటి 14 గేజ్ వేస్తా, బిగించకుండా పాము మెలికల్లా వదులుగా. మే ఉరుములకి ముందే సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టాలి. ఇంత తవ్వకం జరుగుతున్నా మా కుక్క బ్రూనో గాడు గీత దాటలేదు, జెండాలు గుర్తున్నాయి వాడికి. కొత్త తీగ కాస్త లోపలికి జరుగుతుంది, వాడికి మళ్లీ జెండాలు పాతి నేర్పాలి.