కొబ్బరినూనె జుట్టు, ఈఈజీ టోపీ

పీహెచ్‌డీ వేరు, లైసెన్సు వేరు. గోదావరి జిల్లాల్లో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి పునరావాస శాస్త్రంలో (రిహాబిలిటేషన్) పరిశోధనకి అమెరికా వచ్చే పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ఇక్కడ పేషెంటుకి వైద్యం చెయ్యాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. దానికి మన డిగ్రీని మదింపు చేయించుకుని ఫిజియోథెరపిస్టులకి పెట్టే ఎన్‌పీటీఈ పరీక్ష రాయాలి, 200 నుంచి 800 దాకా ఉండే స్కేలులో 600 తెచ్చుకోవాలి. ఐదేళ్లు కష్టపడి డాక్టరేట్ తెచ్చుకున్నా ఆ హక్కు దానంతటది రాదు. ల్యాబ్‌లో మన పని కొలవడం. ఆ కొలతల్లో ఎవరు ఉన్నారు, ఎవరు జారిపోయారు అన్నది చూసుకోవడమే ఈ రంగంలో వైవిధ్యానికి అసలు అర్థమని నా నమ్మకం.

మెదడులోని విద్యుత్ సంకేతాల్ని కొలిచే ఈఈజీనే తీసుకోండి. పక్షవాతం వచ్చినవాళ్లు చెయ్యి కదపబోతే మెదడులో ఏం జరుగుతోందో చూడ్డానికి తలకి టోపీ తొడుగుతారు. ఎలక్ట్రోడ్‌కీ నెత్తి చర్మానికీ మధ్య జెల్ సరిగ్గా అందాలి. అక్కడ విద్యుత్తుకి తగిలే అడ్డుని, అంటే ఇంపెడెన్స్‌ని, 5 కిలోఓమ్‌ల లోపుకి దించాలన్నది చాలా ల్యాబుల్లో పాత నియమం. తలకి కొబ్బరినూనె పట్టించి, బిగించి జడ వేసుకొచ్చిన మనిషికి అది అంత తేలిగ్గా దిగదు. నూనె విద్యుత్తుని పోనివ్వదు, ఒత్తుజుట్టు టోపీని పైకి లేపేస్తుంది. చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ముందురోజు ఫోన్ చేసి షాంపూతో తలంటుకోమనాలి, నూనె, కండిషనర్ రాయొద్దని చెప్పాలి. వచ్చాక జడ విప్పించి, ఒక్కో ఎలక్ట్రోడ్ కింద పుల్లతో పాయ తీసి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, మొనలేని సూదితో జెల్ ఎక్కించాలి. దీనికి అదనపు సమయం పడుతుంది. షెడ్యూల్లో ఆ సమయం లేకపోతే రికార్డింగు గోలగోలగా వస్తుంది, విశ్లేషణలో ఆ మనిషిని తీసేస్తారు. పేపర్లో అది ‘సిగ్నల్ బాగోలేదు’ అని ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఒత్తుజుట్టున్న మన ఆడవాళ్లు, సన్నజడలు అల్లుకునే నల్లజాతివాళ్లు ఆ వాక్యంలోనే కొట్టుకుపోతారు. కాంతితో మెదడు రక్తప్రసరణ కొలిచే ఎఫ్ఎన్ఐఆర్ఎస్‌లో బాధ ఇంకా ఎక్కువ. నల్లజుట్టు, ముదురు చర్మం ఆ కాంతిని పీల్చేసుకుంటాయి.

నడక వేగం సంగతీ అంతే. పది మీటర్ల దారిలో మొదటి రెండు, చివరి రెండు మీటర్లు వదిలేసి మధ్య ఆరు మీటర్లకి టైము చూస్తారు. సెకనుకి 0.8 మీటరు దాటితే బయట తిరగగలిగినట్టు లెక్క. నున్నటి ఆసుపత్రి వరండాలో ఆ అంకె దాటిన మనిషి ముమ్మిడివరం దగ్గర వానాకాలం చేనుగట్టు మీద నిలదొక్కుకుంటాడని ఆ పరీక్ష చెప్పదు. 1960ల చివర జైపూర్‌లో డాక్టర్ పి.కె.సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన కృత్రిమ కాలు గుర్తుచేసుకోవాలి. అప్పట్లో వాడుకలో ఉన్న విదేశీ పాదానికి బూటు తప్పనిసరి, దాంతో గొంతుక్కూర్చోవడం కుదరదు. వాళ్లు చేసిన రబ్బరు పాదంతో బురదలో ఉత్తకాళ్లతో నడవచ్చు, మఠం వేసుకుని కూర్చోవచ్చు. డాక్టరు పక్కన చేతిపని తెలిసినవాడు ఉండటం వల్లే ఆ పాదం అలా తయారైందని నేను గట్టిగా నమ్ముతాను.

అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ డబ్బుతో జరిగే క్లినికల్ పరిశోధనల్లో ఆడవాళ్లనీ, మైనారిటీలనీ చేర్చుకోవాలని 1993లోనే అమెరికాలో చట్టం వచ్చింది. 2025లో వైవిధ్యం పేరున్న గ్రాంట్లు చాలా రద్దయ్యాయి. వాటి మీద బతికిన విద్యార్థులకి అది పెద్ద దెబ్బ, తేలిగ్గా తీసుకునేది కాదు. అయినా తలంటుకోమని ఫోన్ చెయ్యడానికీ, పరిశోధనలో పాల్గొనేవాళ్ల రాకపోకల ఖర్చు బడ్జెట్‌లో చూపించడానికీ ఆ పేరు అక్కర్లేదు. పద్ధతుల విభాగంలో రాసుకుంటే చాలు.

ఇక గురువుల బాధ్యత. పీహెచ్‌డీ విద్యార్థులకి ఎన్ఐహెచ్ ఇచ్చే ఎఫ్31 ఫెలోషిప్ పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రీడాక్టోరల్ ఫెలోషిప్‌కి పెట్టుకోవచ్చు. పీహెచ్‌డీ తర్వాత ఎన్ఐహెచ్ ఇచ్చే కే99/ఆర్00 గ్రాంటుకి పౌరసత్వం అడ్డు కాదు గానీ, పోస్ట్‌డాక్ (డాక్టరేట్ తర్వాత చేసే పరిశోధన) అనుభవం నాలుగేళ్లు దాటకూడదు. ఇవి మొదటి ఏడాదే చెప్పాలి. మూడో ఏట తెలిస్తే గడువులు దాటిపోయి ఉంటాయి. ఏ పేపర్లో మొదటి పేరు ఎవరిది, డ్రాఫ్టు చదివి ఎన్నాళ్లలో తిరిగిస్తారు అన్నవి చేరిన నెలలోనే కాగితం మీద పెట్టుకోవాలి.

మనవాళ్లతో ఇంకో చిక్కు ఉంది. ‘సార్ ముందు మనమేం మాట్లాడతాంలే’ అన్న మొహమాటం. నడక కొలిచే సెన్సరు ఎడమకాలికీ కుడికాలికీ తారుమారైందని చూసిన జూనియర్ నోరు విప్పకపోతే ఆ నెల డేటా అంతా నమ్మడానికి పనికిరాదు. అందుకని వారం మీటింగులో గురువు ముందు అందరికంటే కొత్తగా చేరిన విద్యార్థిని అడగాలి, తర్వాత సీనియర్లని, చివర్లో తన మాట చెప్పాలి. ‘సందేహాలున్నాయా?’ అంటే ఎవరూ పలకరు. ‘ఈ వారం ఏ రికార్డింగు తేడాగా అనిపించింది?’ అని అడిగితే చెబుతారు.