కొర్రలు పండినాయి, దంచేదెవరు?

పోయిన ఏడు కళ్యాణదుర్గం పక్కన ఉన్న మా ఎర్రచేనులో ఒక ఎకరం శెనక్కాయ మాన్పించి కొర్ర వేయించాను, ఐదు సాళ్లకొక కంది సాలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా రాని జిల్లా మాది. కొర్ర 80, 90 రోజుల్లో చేతికొస్తుంది. తర్వాత ఎప్పుడో ఒక వాన పడితే కంది నిలబడుతుంది.

విత్తనం వేసే రోజే పక్కింటి పెద్దమ్మ అడిగింది: "ఏసేది సరే పాపా, దంచేదెవరు?"

నాకప్పుడు అర్థం కాలేదు. నాలుగు మూటలు ఇంటికొచ్చాక అర్థమైంది. ఊళ్లో ఉన్నది వడ్ల మిషన్. అందులో పోయిస్తే కొంత నూకైపోయింది, మిగతాది పొట్టుతోనే బయటికొచ్చింది. టౌన్‌లో కొర్రలు ఆడించే చోటికి పోతే, ఇంత తక్కువైతే మిషన్ వెయ్యం పొమ్మన్నారు. ఆ మూటలు ఆటోలో వెనక్కి తెచ్చుకుంటుంటే ఏడుపొచ్చింది.

చివరికి మా అవ్వే రోలు కడిగింది. కొర్రలు ఎండబెట్టి, పిడికెడు అరచేతిలో నలిపి ఉఫ్‌మని ఊది చూసింది. పొట్టు లేచిపోయి పసుపుపచ్చ గింజ మిగిలితే ఎండినట్టు లెక్కంట. దంచడం, చెరగడం, మళ్లీ దంచడం. రెండు శేర్లకే నా చేతులు బొబ్బలెక్కినాయి. ఇంటిల్లిపాదికీ రోజూ ఇదే పని చేసిన ఆడవాళ్లు, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం రాగానే రోలు పక్కన పెట్టారంటే తప్పెలా పడతాను? ఆ బియ్యం కడుపులు నింపింది కూడా.

అందుకే, "చిరుధాన్యాలు తినండి" అని రైతుకీ తినేవాళ్లకీ చెబితే సరిపోదని నా గట్టి నమ్మకం. మధ్యలో మిషన్ కావాలి, అదీ ఊళ్లోనే. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి చెడవు. పొట్టు తీశాక తవుడులోని నూనెకి కొన్నాళ్లకే చేదెక్కుతాయి. తవుడు పోయేదాకా తెల్లగా పాలిష్ పడితే నిల్వ ఉంటాయి గానీ, పీచు పోతుంది. ఇంట్లో మూట పెట్టుకుని, నెలకు కావలసినంత ఆడించుకునే వీలుంటేనే మంచి గింజ తినగలం.

నాలుగిళ్లవాళ్లం కలిసి చిన్న పొట్టు మిషన్ కొందామని మాట్లాడుకుంటున్నాం. మా పాత పశువుల కొట్టం ఇస్తానంది అవ్వ. పెద్దమ్మ నిన్న ఫోన్ చేసి, విత్తనానికి రెండు శేర్లు తీసిపెట్టమంది.