మూడో నంబరు

2000 సంవత్సరం వేసవి. బర్ దుబాయిలోని ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డును మేమంతా కంప్యూటర్ వీధి అనేవాళ్ళం. అక్కడ ఒక దుకాణంలో నేను రిపేరు పనివాణ్ణి. శుక్రవారం సెలవని కాగితం మీద ఉండేది. అందులో ఎన్ని శుక్రవారాలు నావో యజమానికే తెలియాలి.

ఆ శుక్రవారం అబ్రా అనే చిన్న పడవ ఎక్కి క్రీక్ అనే సముద్రపాయ దాటి, డేరాలో ఒక కార్గో ఆఫీసుకు వెళ్ళాను. పాత పెంటియం, విండోస్ 98. లోపల ఐఎస్ఏ అనే పాత రకం కార్డులు రెండు, పొడుగువి: ఒకటి నెట్‌వర్క్‌ది, రెండోది ఫోను లైను మీద ఇంటర్నెట్ కలిపే మోడెమ్. నెట్‌వర్క్ నడుస్తుంటే మోడెమ్ పలకదు, మోడెమ్ పలికితే నెట్‌వర్క్ మీదున్న పక్క గది ప్రింటరు కనబడదు. అంతకుముందు వచ్చినవాడు మదర్‌బోర్డు మార్చాలన్నాడట. తనకు అర్థం కానిదల్లా మార్చమనడం మా వృత్తిలో పాత జబ్బు.

మూత విప్పకముందే నాకు అనుమానం వచ్చింది. కార్డుకు ప్రాసెసర్‌తో పని పడితే ఒక తీగ మీద తలుపు తట్టాలి. దాన్నే ఐఆర్‌క్యూ అంటారు. 0 నుంచి 15 వరకు మొత్తం పదహారు. 1 కీబోర్డుది, 6 ఫ్లాపీది, 4 మౌస్, మోడెమ్ లాంటివి తగిలించే మొదటి సీరియల్ పోర్టుది, 3 రెండోదానిది. మోడెమ్ రెండో పోర్టు పేరుతో 3 మీద కూర్చుంది. ఎన్‌ఈ2000 రకం చవక నెట్‌వర్క్ కార్డులు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే 3తో వచ్చేవి. పీసీఐ అనే కొత్త రకం కార్డులైతే ఒకే నంబరును పంచుకోగలవు, ఐఎస్ఏ కార్డులకు ఆ సర్దుబాటు చేతకాదు.

టీ తెచ్చిన జగిత్యాల కుర్రాడు నా భుజం మీదుగా తొంగిచూశాడు. "దొరికిందా అన్నా?"

"రెండిటికీ ఒకటే నంబరు ఇచ్చారు తమ్ముడూ."

"అంటే మా బెడ్ స్పేస్ లాగా!" అని నవ్వాడు. అతని మంచానికి ఇంకొకడూ అద్దె కడతాడు. ఆ ఇంకొకడు రాత్రి డ్యూటీ వాచ్‌మన్, పగలు నిద్రపోతాడు. "మామూలు రోజుల్లో గొడవ లేదు అన్నా. శుక్రవారం ఇద్దరమూ గదిలోనే ఉంటే కదా తంటా. అందుకే సెలవైనా ఇక్కడికి వచ్చేస్తాను."

నేను ఇంకా మూత కూడా తీయలేదు, అతను జబ్బంతా చెప్పేశాడు.

నెట్‌వర్క్ కార్డుతో వచ్చిన ఫ్లాపీ ఆఫీసులో ఎవరి దగ్గరా లేదు. నా సంచిలో అలాంటివి ముప్పై దాకా ఉండేవి, నా ఆస్తంతా అదే. కంప్యూటర్‌ను విండోస్ కన్నా పాతదైన డాస్‌లో లేపి, ఫ్లాపీలోని సెటప్ ప్రోగ్రాంతో నెట్‌వర్క్ కార్డును 10కి మార్చాను. విండోస్‌కు కూడా ఆ మాట విడిగా చెప్పాలి, లేకపోతే అది పాత నంబరు దగ్గరే వెతుకుతుంది. మదర్‌బోర్డు మీద ఎవరూ వాడని రెండో సీరియల్ పోర్టు ఒకటుంది. మోడెమ్‌కు అదీ పోటీయే కాబట్టి కంప్యూటర్ లేచేటప్పటి సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్ళి దాన్ని ఆపేశాను.

ఇప్పుడు ప్రింటరు కనబడింది. మోడెమ్ మాత్రం డయల్ టోన్ లేదంటుంది. రిసీవరు ఎత్తితే నా చెవికి టోన్ స్పష్టంగా వినబడుతూనే ఉంది! అక్కడ అరగంట పోయింది. ఆ ఆఫీసు ఫోన్లన్నీ ఒక చిన్న ఎక్స్చేంజి పెట్టె గుండా వెళ్తాయి. దాని టోన్ మోడెమ్ ఎదురుచూసే టోన్ కాదు. అదనపు సెట్టింగులలో ఎక్స్3 అని రాస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది. బయటి లైను కోసం నంబరుకు ముందు 9, దాని పక్కన ఒక కామా పెట్టాను. కామా అంటే రెండు సెకన్లు ఆగమని.

మోడెమ్ కీచుమంది, గీపెట్టింది, బుసకొట్టింది. కుర్రాడు కంగారుగా "పాడైందా అన్నా?" అన్నాడు. సెకనుకు 31,200 బిట్ల వేగంతో కలిసింది. లెక్కలు చూసే మలయాళీ పెద్దాయన రసీదు మీద రెండుసార్లు చూసి సంతకం పెట్టాడు.

నేను సంచి సర్దుకుంటుంటే కుర్రాడు గోడ గడియారం వైపు చూశాడు. నాలుగైనా కాలేదు. వాచ్‌మన్ ఆరింటికి గానీ డ్యూటీకి బయలుదేరడు.

"ఇంకో టీ పెట్టనా అన్నా?"