మా నాటు పంది ఈనింది

ఏడో పిల్ల కూడా లేచి తల్లి దగ్గరికి పాలకు చేరింది. హమ్మయ్య, టెన్షన్ తగ్గింది. చూడి సుమారు 114 రోజులంటారు. ఆ లెక్కకే ఈనింది.

పక్కింటాయన తొంగిచూసి, "ఏడేనా? విదేశీ జాతి సీమ పందులు పదికి తగ్గవుగా" అన్నాడు. నిజమే. నాటువి తక్కువ పిల్లల్ని పెడతాయి, నిదానంగా పెరుగుతాయి. కానీ సీమ పందికి కొన్న దాణా కావాలి, చల్లని షెడ్డు కావాలి. మాది తవుడుతో, మట్టి తవ్వి దొరికిన దుంపలతో నెట్టుకొస్తుంది. పైగా పిల్లలకు తల్లిపాలలో ఇనుము సరిపోదు, మట్టిలో కొంత దొరుకుతుంది. సిమెంట్ గచ్చు మీద పుట్టినవాటికైతే ఇంజెక్షనే దిక్కు. ఈ మాట చెప్తే ఆయన నమ్మలేదనుకోండి!

నా భయమంతా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ గురించే. మనుషులకు రాదు గానీ, మందలో పడితే దాదాపు ఏదీ మిగలదు. అందుకే హోటల్ మిగుళ్లు ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. సరిగ్గా ఉడికించకపోతే వాటిలోని పంది మాంసంతోనే వైరస్ వచ్చేస్తుంది.

పాలు మానాక రెండు అమ్మితే అబ్బాయి కాలేజీ ఫీజుకు సరిపోవచ్చు. ఆడ పందిపిల్లల మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దని మా ఆవిడ ఇప్పుడే ఆర్డర్ వేసింది.