నాలుగు పేజీల డాక్యుమెంట్, మూడు వారాల తిప్పలు: నా అనుభవం

ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించే జీడీబీ డీబగ్గర్ వాడకం మీద మా టీమ్‌కి సొంతంగా ఒక డాక్యుమెంట్ ఉంది. అందులో సిస్టమ్ కాల్స్‌ని (ప్రోగ్రామ్ కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, పెట్టుకునే అర్జీలని) పట్టుకునే భాగం మాత్రం చాలాకాలంగా ఖాళీ. ‘క్యాచ్ సిస్‌కాల్’ కమాండ్ ఎక్కువగా వాడేది నేనే కాబట్టి రాసే పని నా మెడకే చుట్టుకుంది. ఒక్క సాయంత్రంలో తేలిపోతుందనుకున్నాను.

కొత్తవాళ్లకు అర్థమవ్వాలని మీసేవ కౌంటర్‌తో మొదలుపెట్టాను. ప్రోగ్రామ్ తనంతట తాను ఫైల్ తెరవలేదు. కెర్నెల్ కౌంటర్‌లో అర్జీ పెట్టుకోవాలి. ఒక్కో పనికి ఒక్కో నంబరు: 64 బిట్ ఎక్స్86 లినక్స్‌లో రీడ్‌కి 0, రైట్‌కి 1, ఓపెన్‌కి 2. ‘క్యాచ్ సిస్‌కాల్ ఓపెన్’ అని కొడితే, ప్రోగ్రామ్ ఆ అర్జీ పెట్టేటప్పుడు ఒకసారి, జవాబు తీసుకుని వచ్చేటప్పుడు ఇంకోసారి జీడీబీ ఆపుతుంది. ఉదాహరణకి, ఫైల్‌లో ఉన్నది చూపించే ‘క్యాట్’ కమాండ్‌తో ఒక ఫైల్ తెరిచినట్టు రాసి టీకి వెళ్లిపోయాను. నడిపి చూడలేదు. ఏళ్ల తరబడి వాడుతున్నదాన్ని మళ్లీ చూసేదేముందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కొత్తగా చేరిన అమ్మాయి నా సీటు దగ్గరకి వచ్చింది. “అన్నా, మీరు రాసినట్టే కొట్టాను. ఎక్కడా ఆగకుండా ప్రోగ్రామ్ అయిపోయింది.”

స్పెల్లింగ్ చూసుకున్నావా అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా మెషీన్లో కొట్టినా ఆగలేదు. ప్రోగ్రామ్ పెట్టే అర్జీలన్నీ వరసగా చూపించే ఎస్‌ట్రేస్‌తో చూస్తే సంగతి బయటపడింది: ఫైల్ తెరుస్తున్నది ఓపెన్ కాదు, ఓపెన్ఎట్. నంబరు 257. 2017లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లో సీ ప్రోగ్రామ్‌లు వాడే లైబ్రరీ) 2.26 నుంచి, మనం సీలో ‘ఓపెన్’ అని రాసినా లోపల వెళ్లే అర్జీ ఓపెన్ఎట్‌దే. నా బుర్రలో ఉన్నది పాత మెషీన్.

పేరు మార్చాక ఆగింది. మా ఫైల్ దగ్గర మాత్రం కాదు. మెయిన్ మొదలవ్వకముందే లోడర్ (ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించేది) దానికి కావలసిన లైబ్రరీల కోసం ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్ అనే జాబితా ఫైల్ తెరుస్తుంది. మొదట ఆగేది అక్కడే. ఫైల్ పేరు చూడాలంటే ఆర్‌డీఐ కాదు, ఆర్‌ఎస్ఐ రిజిస్టర్ (ప్రాసెసర్ విలువలు పెట్టుకునే గడి) చూడాలి, ఎందుకంటే ఓపెన్ఎట్‌కి ఆర్‌డీఐలో వెళ్లే మొదటి ఆర్గ్యుమెంట్ డైరెక్టరీ. ఆ ఆర్‌డీఐని ప్రింట్ చేస్తే 4294967196 అని వచ్చింది! మెమరీ ఏదో పాడైందనుకుని కాసేపు టెన్షన్ పడ్డాను. దాన్నే 32 బిట్ ఇంట్‌గా మార్చి చూస్తే -100. ‘ఇప్పుడున్న డైరెక్టరీ నుంచే వెతుకు’ అని చెప్పడానికి వాడే విలువ అది.

అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. “అన్నా, అర్జీ ఇంకా లోపలికి వెళ్లనే లేదు కదా, ఆర్ఏఎక్స్‌లో -38 ఎందుకుంది? ఎర్రరా?”

ఆ -38ని ఎన్నిసార్లు చూసి పట్టించుకోకుండా వదిలేశానో లెక్కలేదు. -38 అంటే ‘అలాంటి కాల్ లేదు’ అనే ఎర్రర్. కెర్నెల్‌లోకి అడుగు పెట్టగానే జవాబు గడి అయిన ఆర్ఏఎక్స్‌లో ముందుగా అదే రాసి ఉంచుతారు, పని జరిగాక అసలు ఫలితం దాని మీద పడుతుంది. మనం చూసేది ఆ మధ్యలో. కాల్ నంబరు కావాలంటే ఆరిగ్_ఆర్ఏఎక్స్‌లో చూడాలి. దీంతో ఒక చిట్కా కూడా దొరికింది: క్యాచ్‌పాయింట్‌కి (‘క్యాచ్’తో పెట్టిన ఆగే చోటుకి) ‘ఆర్ఏఎక్స్ -38 అయితేనే’ అని కండిషన్ పెడితే లోపలికి వెళ్లేటప్పుడు మాత్రమే ఆగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు విసిగించదు. మొత్తం డాక్యుమెంట్‌లో నాకు బాగా నచ్చిన పేరా ఇదే.

మిగతావి త్వరగానే అయ్యాయి. పేర్లు గుర్తులేకపోతే ‘గ్రూప్:నెట్‌వర్క్’ అని మొత్తం గుంపుని పట్టుకోవచ్చని రాశాను. టైమ్ అడిగే కాల్స్ దగ్గర మాత్రం సాధారణంగా ఆగదని హెచ్చరిక పెట్టాను, అవి వీడీఎస్ఓ (కెర్నెల్ ప్రోగ్రామ్ మెమరీలోనే పెట్టి ఉంచే చిన్న కోడ్) పుణ్యమా అని కెర్నెల్ దాకా వెళ్లకుండానే పని ముగించుకుంటాయి.

ఈసారి ప్రతి కమాండూ కొత్త టెర్మినల్‌లో కొట్టి, వచ్చిన అవుట్‌పుట్‌నే అతికించాను. మొదటి ఉదాహరణలో ఇప్పుడు లేని ఫైల్‌ని తెరుస్తాం, తిరిగి వచ్చేటప్పుడు ఆర్ఏఎక్స్‌లో -2 (‘అలాంటి ఫైల్ లేదు’ అనే ఎర్రర్) కనిపిస్తుంది. దాని కింద ఒక లైను ఆ అమ్మాయే చేర్చింది: “వెళ్లేటప్పుడు -38 చూసి కంగారు పడకండి, వచ్చేటప్పుడు -2 చూసి పడండి.”