పెన్ను ఎవరి చేతిలో ఉంది?

గ్రూప్ వర్క్ జరిగే క్లాసు చూడ్డానికి వెళ్తే నేను టీచర్ని పెద్దగా గమనించను. వెనక బెంచీలో కూర్చుని, ఒక్క గ్రూపుని ఎంచుకుని పీరియడ్ అయ్యేదాకా వాళ్ళనే చూస్తాను. గ్రూపులన్నీ తిరిగితే అంతా బ్రహ్మాండంగానే ఉంటుంది. తలలు దగ్గర పెట్టుకుని ఉంటారు, గోల ఉంటుంది, చార్టు నిండుతూ ఉంటుంది. ఆ చార్టు నింపుతున్నది ఒక్కరేనన్న సంగతి ఒకచోట కూర్చుంటేనే తెలుస్తుంది.

మొన్నొక లెక్కల క్లాసు. 3/4 పెద్దదా, 5/8 పెద్దదా తేల్చి, ఎందుకో రాయమన్నారు సారు. నలుగురికి ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను. పెన్ను క్లాసులో చురుకైనవాడని పేరున్న పిల్లాడి చేతికి వెళ్ళింది. "ఐదూ ఎనిమిదీ పెద్ద అంకెలు కదా" అంటూ వాడు 5/8 రాసేశాడు. ఒకడు అంచులకు రంగులు వేస్తున్నాడు, ఇంకొకడు కిటికీలోంచి చూస్తున్నాడు. చివర కూర్చున్న అమ్మాయి మాత్రం ఒక కాగితం పట్టీని నాలుగు మడతలు పెట్టింది. ముప్పావు దగ్గర గోటితో గీత గీసి, ఇంకోసారి మడిచి విప్పింది. ఎనిమిది భాగాలు. గీత ఆరో భాగం చివర ఉంది. అంటే 5/8 కంటే ఒక భాగం ఎక్కువ. "ఇటు చూడండి" అంది. ఎవరూ చూడలేదు. ఇంతలో సారు వచ్చి "అయిందా?" అన్నారు. "అయిపోయింది సార్!" అన్నాడు పెన్ను ఉన్నవాడు. సారు పక్క గ్రూపుకి వెళ్ళిపోయారు.

గ్రూప్ వర్క్ అనగానే అందరూ పని ఎగ్గొట్టేవాళ్ళ గురించే మాట్లాడతారు. అదీ నిజమే. 1979లో లాటానే అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన తోటి పరిశోధకులు కొందరి చేత చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి చూశారు. గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరు చేసే శబ్దం తగ్గింది. ఎవరి వంతు ఎంతో విడిగా తెలుస్తుందంటే మాత్రం ఆ బద్ధకం పోతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కానీ ఈ అమ్మాయి పని ఎగ్గొట్టలేదే! ఆమె మాట చెల్లలేదు, అంతే. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన ఎలిజబెత్ కోహెన్ ఏళ్ళ తరబడి చెప్పింది ఇదే: తెలివైనవాళ్ళని పేరు పడ్డ పిల్లలే ఎక్కువ మాట్లాడతారు, ఎక్కువ మాట్లాడినవాళ్ళే ఎక్కువ నేర్చుకుంటారు. నన్నడిగితే ఎగ్గొట్టేవాళ్ళకంటే ఇదే పెద్ద సమస్య.

1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన జిగ్సా పద్ధతి దీనికొక మందు. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇస్తారు, కాబట్టి ఎవరి మాటా వినకుండా పని గడవదు. చదివి అర్థం చేసుకునే పాఠాలకు బాగుంటుంది. లెక్కను అలా కోస్తే మాత్రం నాకు నచ్చదు, లెక్కలో ఉన్న మజా అంతా పోతుంది.

ఇంకో బడిలో ఒక మేడమ్ ఇదే పాఠాన్ని వేరేలా నడిపారు. మొదట రెండు నిమిషాలు ఎవరి నోట్‌బుక్కులో వాళ్ళు రాసుకోవాలి, మాటల్లేవు. ఆ తర్వాతే చార్టు. గ్రూపు దగ్గరికి వచ్చినప్పుడు "అయిందా?" అనలేదు. గొంతుక్కూర్చుని, పెన్ను లేని పిల్లాణ్ణి చూసి "వీళ్ళు ఇలా ఎందుకు రాశారు?" అని అడిగారు. వాడు నీళ్ళు నమిలాడు. ఆవిడ జవాబు చెప్పలేదు, కోప్పడలేదు. "మాట్లాడుకోండి, మళ్ళీ వచ్చి మీలో ఎవరినైనా అడుగుతాను" అని లేచి వెళ్ళిపోయారు. ఆవిడ అటు తిరగగానే పెన్ను ఉన్న పిల్ల వాడి వైపు జరిగి, "ఒరేయ్, ఏం అర్థం కాలేదో చెప్పు, నన్ను కూడా అడుగుతారు" అంది. అప్పుడు మొదలైంది అసలు గ్రూప్ వర్క్.

టైమ్ ఎక్కువే పట్టింది. బెల్ కొట్టేసరికి రెండు గ్రూపుల చార్టులు సగంలోనే ఉన్నాయి, ఒకదాని మీద కొట్టివేతలే ఎక్కువ. మేము నింపే పరిశీలన ఫారంలో 'చార్టు నాణ్యత' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసి, పక్కన ఆవిడ అడిగిన ప్రశ్న రాసి ఇచ్చేశాను.