ఎవరి వైపు తిరిగి చెబుతున్నారు?

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల తరఫున ఉత్తరాలు, ప్రకటనలు రాసిపెట్టడం నా ఉద్యోగం. అభినందనలకూ ఆహ్వానాలకూ పెద్దగా తిప్పలు ఉండవు. క్షమాపణ దగ్గరే చిక్కు. నా బల్ల మీది నుంచి ఒక రూపంలో బయలుదేరిన ముసాయిదా సంతకానికి చేరేసరికి గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. న్యాయ సలహాదారు ఒక వాక్యం కొట్టేస్తారు. ఆర్థిక విభాగం అంకెలు తీసేస్తుంది. ప్రచార విభాగం ఊరుకోలేక, సంస్థ పాటించే విలువల గురించి చివర్లో ఓ పేరా తగిలిస్తుంది. క్షమాపణలో సొంత డప్పు ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: చాలా క్షమాపణలు దెబ్బతిన్నవాళ్ల పేరిట వెలువడతాయి కానీ, రాసేది సొంత మనుషుల కోసం. బోర్డు ఏమంటుంది, పార్టీలో ఎవరు అలుగుతారు, రేపు కోర్టులో ఎదుటి లాయరు దీన్ని ఎలా వాడుకుంటాడు అన్న లెక్కలతోనే ప్రతి మాటనూ తూకం వేస్తారు. వినేవాళ్లకు ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది.

ఒకసారి ఒక గిడ్డంగిలో రాత్రి షిఫ్టు వాళ్లకు రావలసిన భత్యం కొన్ని నెలలు పడలేదు. జీతాల లెక్కను కొత్త కంప్యూటర్ వ్యవస్థకు మార్చినప్పుడు ఆ పద్దు జారిపోయింది. సూపర్‌వైజర్ రాతపూర్వకంగా హెచ్చరించినా ఎవరూ పట్టించుకోలేదు. డైరెక్టర్ నన్ను పిలిచి నోటీసు రాయమన్నారు. ఎవరికి ఎంత బాకీ, ఎప్పటికి చెల్లిస్తారు, ఎవరి నిర్ణయం వల్ల ఇలా జరిగింది అని రాసి ఇచ్చాను. ఆయన చదివి, “ఇది చూస్తే బోర్డు ఏమంటుంది?” అన్నారు. రాత్రి షిఫ్టు వాళ్లు ఏమంటారన్న ప్రశ్న ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. చివరికి గోడకెక్కిన నోటీసులో ఉన్నది, సాంకేతిక కారణాల వల్ల కొందరు ఉద్యోగులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని.

ఆ “కొందరు” కింద ఎవరో పెన్నుతో గీత గీసి, పక్కన తన పేరు రాశారు. దాని కింద ఇంకొకరు. మర్నాటికి కాగితం అంచుల్లో ఖాళీ లేకుండా పేర్లు నిండిపోయాయి. సిబ్బంది విభాగం వాళ్లు దాన్ని చించి పారేద్దామన్నారు. డైరెక్టర్ వద్దని, ఆ కాగితాన్నే చేతపట్టుకుని రాత్రి షిఫ్టు మారే వేళకు గిడ్డంగికి వెళ్లారు. మైకు లేదు, ఫొటోలు తీసేవాళ్లు లేరు. “కొత్త పద్ధతికి మారమన్న ఉత్తర్వు మీద సంతకం నాది. మీ సూపర్‌వైజర్ హెచ్చరించారు, నేను చదవలేదు” అన్నారు. ఒకావిడ లేచి, “జీతం చాలక తెచ్చిన అప్పుకు నేను కట్టిన వడ్డీ మాటేమిటి?” అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. “దాని గురించి ఆలోచించలేదు. శుక్రవారం వచ్చి చెబుతాను” అన్నారు. శుక్రవారం వచ్చారు. వడ్డీ కూడా ఇచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాల్సిన పనీ లేదు.

దేశాధినేతల విషయంలో లెక్క పెద్దదే కానీ తంతు ఇదే. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో పౌర హక్కుల ప్రదర్శన మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. 13 మంది అక్కడే చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత మరణించారు. అదే ఏడాది వచ్చిన మొదటి విచారణ నివేదిక సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. 38 ఏళ్ల తర్వాత, 2010 జూన్ 15న రెండో విచారణ నివేదిక బయటపెడుతూ ప్రధాని డేవిడ్ కామెరాన్, ఆ కాల్పులకు సమర్థన లేదు, సమర్థించడానికి వీలూ లేదు, అది తప్పు అని పార్లమెంటులో చెప్పారు. కాల్పుల నాటికి ఆయనకు అయిదేళ్లు. సైన్యమంటే ప్రాణం పెట్టే పార్టీకి నాయకుడు. తనకు ముందు తరం సంగతని తప్పించుకోవచ్చు, సైనికుల కష్టాలతో మొదలుపెట్టి చల్లగా జారుకోవచ్చు. ఆ పని చేయలేదు. డెర్రీ కూడలిలో పెద్ద తెర మీద ఆ ప్రసంగం చూస్తున్న జనం హర్షధ్వానాలు చేశారు. బ్రిటిష్ ప్రధానికి అక్కడ అలాంటి స్పందన రావడం చిన్న విషయం కాదు.

సొంతవాళ్లు నొచ్చుకోవడం ఇందులో ఉన్న ఖర్చే. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ పోలండ్ రాజధాని వార్సాలో, నాజీల మీద తిరగబడిన యూదుల స్మారకం ముందు మోకరిల్లారు. ఆయన స్వయంగా నాజీలను ఎదిరించి దేశం విడిచి వెళ్లినవాడు. అయినా ఒక పత్రిక అప్పట్లో సర్వే చేస్తే, అది అతి అన్న జర్మన్లే ఎక్కువ: 48 శాతం. సబబే అన్నవాళ్లు 41 శాతం.

తన కష్టం చెప్పుకునే నాయకుడి గురించి ఎక్కువ రాయను. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలి 11 మంది కార్మికులు చనిపోయాక, ఆ బావి తవ్విస్తున్న చమురు సంస్థ బీపీ అధిపతి టోనీ హేవర్డ్ “నా జీవితం నాకు తిరిగి కావాలి” అన్నారు. ఆ ముక్క వెనక్కి తీసుకుని మన్నించమన్నా, ఆ ఏడాది తిరగకుండానే పదవి పోయింది. దానికి రెండేళ్ల ముందు కెనడాలో మేపుల్ లీఫ్ ఫుడ్స్ మాంసం వల్ల లిస్టీరియా అనే బాక్టీరియా సోకి 20 మందికి పైగా మరణించినప్పుడు, సంస్థ అధిపతి మైకేల్ మెకెయిన్ ఈ సంక్షోభంలో ఇద్దరి సలహా తాను వినలేదన్నారు: లాయర్లది, అకౌంటెంట్లది. మా ఆఫీసులో ఎవరికి చెప్పినా నవ్వుతారు, పాటించరు.

లాయర్ల భయం మరీ ఉత్తదేమీ కాదు. ఒప్పుకున్న మాట కోర్టులో మెడకు చుట్టుకునే చోట్లు ఉన్నాయి. అందుకే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2006లో, క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పూ బాధ్యతా ఒప్పుకున్నట్టు కాదని ఏకంగా చట్టం చేసింది. చట్టం అడ్డు తీసినా నోరు పెగలని పెద్దమనుషుల గురించి చెప్పాలంటే అదో పెద్ద కథ.

ఇక ఇవ్వాల్సింది ఇవ్వడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న తన పౌరులను శిబిరాల్లో బంధించినందుకు అమెరికా 1988లో చట్టం చేసి, అప్పటికి బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు, అధ్యక్షుడి సంతకంతో క్షమాపణ లేఖ ఇచ్చింది. చెల్లింపులు 1990లో మొదలయ్యాయి. ముందు వరుసలో అందరికన్నా వయసు పైబడినవాళ్లను పెట్టారు. డబ్బూ మాటలూ పోయిన ఏళ్లను తిరిగి తేలేవని ఆ లేఖలోనే రాశారు. మన్నించమని బతిమాలే లేఖలకన్నా నాకు ఇది నచ్చుతుంది. మన్నించాలా వద్దా అన్నది పుచ్చుకునేవాళ్ల ఇష్టం. దానికి గడువు పెట్టే హక్కు ఇచ్చేవాళ్లకు లేదు.

ఇప్పుడు నన్ను క్షమాపణ రాయమంటే, రాయకముందే దెబ్బతిన్నవాళ్ల జాబితా అడుగుతున్నాను. తరచుగా ఆ జాబితా ఎవరి దగ్గరా ఉండదు. “ముందు మీరు రాయండి, అది తర్వాత చూద్దాం” అంటారు. జాబితా వచ్చాకే రాస్తానని చెప్పి, ఫైలు వెనక్కి పంపుతున్నాను.